అంకె చెరిగిన వస్తువు

మనుష్యునకు పేరు ఎట్టిదో యంత్రమునకు వరుస నంబరు అట్టిది. ఒకే కర్మాగారములో, ఒకే దినమున, ఒకే అచ్చున తయారైన వేయి వస్తువులలో ఇది ఫలానిది అని వేలుపెట్టి చూపుటకు ఆ నంబరు తప్ప వేరు ఆధారము లేదు. మన శ్రోతలలో పెద్దలకు రేడియో లైసెన్సు పుస్తకము జ్ఞాపకముండును. ఏటేటా పోస్టాఫీసుకు పోయి, రుసుము చెల్లించి, ఆ పుస్తకములో ముద్ర వేయించుకొని వచ్చుట ఒకప్పుడు ఇంటి యజమానికి ఒక విధిగా ఉండెడిది. 1980 దశకములో ఆ పద్ధతి రద్దయినది. అయినను కొందరి ఇండ్లలో ఆ పుస్తకములు పెట్టెల అడుగున నేటికిని భద్రముగా ఉన్నవి. రుసుము కట్టుట ఎవరికిని ఇష్టము కాదు. కాని ఇంటిలోని వస్తువు ఎవరిదో కాగితముపై ఉండవలెనను అలవాటును ఆ పుస్తకము మనకు నేర్పినది.

ఈ సంగతి ఇప్పుడు మాకు గుర్తు వచ్చుటకు కారణమున్నది. కొంతకాలము క్రిందట ఒక కార్యక్రమము రికార్డు చేయు పనిమీద మేము గూడెం కొత్తవీధికి వెళ్లినాము. చింతపల్లి దాటి, కాఫీ తోటల నీడలో మలుపులు తిరుగుచు పోవు దారి అది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఆ ఊరు ఒక మండల కేంద్రము. మాకు భోజనము పెట్టిన ఇంటిలో డిగ్రీ చదువుచున్న కుర్రవాడొకడు ఉన్నాడు. ఆ ఏడు కాఫీ గింజలు, మిరియాలు అమ్మగా వచ్చిన సొమ్ముతో తండ్రి అతనికి పట్టణములో ఒక పాత లాప్‌టాప్ కొనిపెట్టినాడు. కుర్రవాడు దానిని మా ముందు ఉంచి వెల్లకిల త్రిప్పినాడు. నంబరు చీటి ఉండవలసిన చోట జిగురు మరక మాత్రమే ఉన్నది.

"సార్, దీనికి నంబరు లేదు. కాలేజీలో అందరూ దొంగమాల్ అంటున్నారు" అన్నాడు కుర్రవాడు. తండ్రి గుమ్మములో నిలుచుండి, "బాబూ, ఇది మరొకరి ఇంట పోయిన సొత్తు కాదు గదా? అట్లయితే మాకొద్దు" అన్నాడు. కొడుకు భయము పోలీసులను గూర్చి. తండ్రి భయము ధర్మమును గూర్చి. ఇద్దరికిని మేము అప్పటికప్పుడు సమాధానము చెప్పలేకపోయినాము. తిరుగు ప్రయాణమున ఆ ప్రశ్న మా వెంటనే వచ్చినది. ఆ కొండలలోనే, నూరేండ్ల క్రిందట, నంబరులు వేసి పద్దు వ్రాసి దాచిన వస్తువులు కొన్ని చేతులు మారిన చరిత్ర ఉన్నదని మాకు అప్పుడు స్ఫురించినది.

అది 1922వ సంవత్సరము. అంతకు నలువది ఏండ్ల ముందు వచ్చిన 1882 మద్రాసు అటవీ చట్టము కొండవారి పోడు సేద్యమునకు, కట్టెకు, పుల్లకు, మేతకు అడ్డుకట్టలు వేసినది. తరతరములుగా ముఠాలకు పెద్దలైన ముఠాదారుల అధికారము క్షీణించినది. గూడెం ప్రాంతపు డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ అనునతడు నర్సీపట్నమునుండి కొండపైకి వేయించుచున్న రోడ్డు పనిలో కొండవారిచేత చాకిరీ చేయించి, సరియైన కూలి ఇచ్చుటలేదని గొప్ప అసంతృప్తి రేగినది. ఆ అసంతృప్తికి అల్లూరి సీతారామరాజు నాయకుడైనాడు. గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు ఆయనకు కుడి ఎడమ భుజములైనారు.

ఆగస్టు 22వ తేదీన చింతపల్లి పోలీసు ఠాణా, 23న కృష్ణదేవిపేట ఠాణా, 24న రాజవొమ్మంగి ఠాణా, ఇట్లు వరుసగా మూడు దినములలో మూడు ఠాణాలు వారి వశమైనవి. చింతపల్లిలో 11, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8, మొత్తము 26 తుపాకులు, రమారమి 2,500 తూటాలు వారి చేజిక్కినవి. ఒక నెల గడచిన పిదప, సెప్టెంబరు 24న, నేటి గూడెం కొత్తవీధి మండలములోని దామనపల్లి కనుమలో జరిగిన పోరాటములో స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు బ్రిటిషు అధికారులు ప్రాణములు కోల్పోయినారు. ఈ సంగతులు బడిపిల్లలకును తెలిసినవే.

మేము ఇక్కడ ఎత్తిచూపదలచినది వేరొక సంగతి. ఠాణాలో దొరికిన ఆయుధములు ఎన్ని, ఏవి తీసికొనినారో సీతారామరాజు ఠాణా డైరీలోనే వ్రాసి, తేదీ వేసి, తన సంతకము చేసి మరీ వెళ్లెడివాడు. లెక్క తప్పకూడదు, నింద మరియొకరిపై పడకూడదు, తీసికొన్నవాడు తానేనని అందరికిని తెలియవలెను. దొంగయు, తిరుగుబాటుదారుడును ఇద్దరును పరుల స్వాధీనములోని వస్తువును తీసికొందురు. కాని దొంగ చేయు మొదటి పని ఆనవాలు చెరుపుట. తిరుగుబాటుదారుడు చేసిన మొదటి పని ఆనవాలు వ్రాయుట. ఈ రెండు పనులకు నడుమ కొండకును లోయకును ఉన్నంత దూరమున్నది.

ప్రభుత్వమువారును పాఠము నేర్చుకొనినారు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరము ఠాణాలపై దాడి జరిగిన నాటికి అక్కడి ఆయుధములు ముందుగనే తరలిపోయినవి. 1924 మే 7న సీతారామరాజు, మరుసటి నెలలో గంటందొర నేలకొరిగినారు. శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర 1952లో విశాఖపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. ఒకనాడు నేరస్థుల పట్టికలో ఉన్న పేరు పార్లమెంటు సభ్యుల పట్టికలోనికి ఎక్కినది.

ఇంతకును తుపాకులకు నంబరులు ఎందుకు వేసెడివారు? దొంగతనము ఒక్కటే కారణము కాదు. ఆనాటి బ్రిటిషు సైన్యము వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకిని చూడుడు. దాని ముఖ్య భాగముపైన ఒక నంబరుండును. వెనుకకు ముందుకు జరుగు బోల్టుపైనను అదే నంబరుండును. ఒక తుపాకికి సానబెట్టి అమర్చిన బోల్టు వేరొక తుపాకిలో సరిగా కూర్చొనకపోవచ్చును. కాల్చినప్పుడు కాల్చువానికే ప్రమాదము కలుగవచ్చును. కావున రెండు నంబరులును ఒకటైనవా లేదా అని సిపాయి చూచుకొనవలెను. నంబరులు కలియనంత మాత్రమున అది దొంగ తుపాకి కాదు. ఎక్కడనో మరమ్మతు జరిగినదని, భాగములు మారినవని అర్థము. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. పాత లాప్‌టాప్ విషయములో ఇదే మాట మరల వచ్చును.

ఇనుముపై కొట్టిన నంబరునకు మరియొక విశేషము కలదు. ఆకురాయితో దానిని పూర్తిగా అరగదీసినను, ముద్ర వేసినప్పుడు పడిన దెబ్బకు క్రింది లోహము అణగి, నొక్కుకొని ఉండును. నేరపరిశోధనశాలలో ఆ చోటును నునుపు చేసి తగిన ఆమ్లము పూసినచో, అణగిన లోహము ఒక విధముగను, అణగని లోహము వేరొక విధముగను కరగి, చెరిపిన అంకె మరల పైకి తేలును. కంటికి కనబడకపోయినను ఇనుము తన పేరు మరువదు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1878 నాటి ఆయుధ చట్టమును తొలగించి, 1959లో మన పార్లమెంటు క్రొత్త ఆయుధ చట్టము చేసినది. అది 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. దానిలోని 8వ సెక్షను మన విషయమునకు మిక్కిలి దగ్గర. తుపాకిపైనున్న పేరును, నంబరును, గుర్తును ఎవరును చెరుపరాదు, మార్చరాదు. తయారుచేసినవాని పేరుగాని, నంబరుగాని, మరియే గుర్తుగాని లేని తుపాకిని అమ్మరాదు, ఒకరి చేతినుండి మరియొకరి చేతికి ఇయ్యరాదు. నంబరు చెరిగిన తుపాకి ఎవని వద్ద దొరకునో, కాదని ఋజువగునంతవరకు వాడే చెరిపినట్లు భావింపబడును. అయితే చట్టము వచ్చునాటికే గుర్తులేని తుపాకి కలిగియున్నవారికి ఒక సంవత్సరము గడువు ఇచ్చినారు.

ఈ సెక్షనులో కాఠిన్యమును ఉన్నది, కనికరమును ఉన్నది. ఋజువు భారము ఎప్పుడును నేరము మోపువానిపై ఉండుట సామాన్య ధర్మము. ఇక్కడ అది తారుమారైనది. ప్రాణము తీయు వస్తువు కావున చట్టము అంత కఠినముగా మాటాడినది. అదే సమయమున, తాతలనాటి తుపాకిని చూరులో పెట్టుకొన్న సామాన్యుడు ఒక్కరాత్రిలో నేరస్థుడు కాకుండ ఏడాది వ్యవధి ఇచ్చినది. గుర్తు లేకపోవుట వేరు, గుర్తు చెరుపుట వేరు అను వివేకము ఆ గడువులో ఉన్నది.

తుపాకుల సంగతి అట్లుండగా, మన కాలములో ప్రతివాని జేబులోను ఉన్న మొబైల్ ఫోనునకు ఐ.ఎమ్.ఇ.ఐ. అను 15 అంకెల నంబరున్నది. ఫోనులో స్టార్, హాష్, సున్న, ఆరు, హాష్ అని నొక్కినచో ఆ నంబరు తెరపై కనబడును. దానిని మార్చుటను నిషేధించుచు 2017లో కేంద్ర ప్రభుత్వము నియమములు చేసినది. 2023 మే 16న సంచార్ సాథీ అను సేవ ఆరంభమైనది. ఫోను పోగొట్టుకొన్నవాడు అందులో తెలియజేసినచో ఆ నంబరుగల ఫోను దేశములోని ఏ కంపెనీ సిమ్‌తోను పనిచేయకుండ కట్టివేయుదురు. పాత ఫోను కొనువాడును కొనకముందే ఆ నంబరు మంచిదో కాదో విచారించుకొనవచ్చును. బంగారు నగలకు కూడ 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు అక్షరములు, అంకెలుగల హాల్‌మార్కు గుర్తింపు సంఖ్య లేనిదే దుకాణములో అమ్మరాదని నియమము వచ్చినది.

లాప్‌టాప్‌నకు ఇట్టి దేశవ్యాప్తమైన పద్దు లేదు. దాని నంబరు తయారుచేసిన కంపెనీకి తెలియును, కొన్నవాని బిల్లులో ఉండును, యంత్రములో ఉండును. ఈ మూడింటిలో బిల్లు పోయి, చీటి ఊడిపోయినచో మిగిలినది యంత్రము ఒక్కటే. కావున చీటి లేదని బెదరిపోక, యంత్రమునే అడుగవలెను.

లాప్‌టాప్ నంబరు సాధారణముగా రెండు చోట్ల ఉండును. ఒకటి అడుగు రేకుపై అంటించిన చీటి. కొన్నింటిలో బ్యాటరీ క్రింద అంటింతురు. రెండవది, లోపలి మదర్‌బోర్డుపైనున్న చిన్న చిప్పులో తయారీ సమయముననే వ్రాసిన నంబరు. యంత్రమును వెలిగించినంతనే బయాస్ అను తొలి తెర తెరచి చూచినచో ఆ నంబరు కనబడును. చీటిపై ఉన్నదియు, తెరపై కనబడినదియు ఒకటైనచో మంచిది. లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకిలో బోల్టు నంబరును, ముఖ్య భాగపు నంబరును సరిచూచుట వంటిదే ఇదియును.

ఒక్కొక్కప్పుడు ఆ తెరపై నంబరునకు బదులు ఖాళీ ఉండును. లేదా 'టు బి ఫిల్డ్ బై ఓ.ఇ.ఎం.' అను మాటలుండును. తయారీదారు ఇక్కడ నంబరు నింపవలెను అని దాని భావము. మదర్‌బోర్డు పాడైనప్పుడు క్రొత్తది వేసి, నంబరు వ్రాయుట మరచిన మరమ్మతు దుకాణముల పని ఇది. అడుగు రేకు పగిలి వేరొక రేకు వేసినచో చీటి మాయమగును. ఏండ్ల తరబడి చేతి చెమట తగిలినచో అక్షరములు మాసిపోవును. పెద్ద కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడిన లాప్‌టాప్‌లను గుంపులుగా అమ్మునప్పుడు తమ ఆస్తి చీటీలను పీకివేయును. ఆ చీటితో పాటు నంబరు చీటియు ఊడవచ్చును. ఆస్తి చీటి కంపెనీ అంటించుకొన్నది; వరుస నంబరు తయారీదారు వేసినది. ఒకటి లేకపోవుటకు, రెండవది లేకపోవుటకు భేదము తెలియవలెను.

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, మద్రాసులోని రిచీ స్ట్రీట్, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ వంటి బజారులలో పాత కంప్యూటర్ల వ్యాపారము విస్తారముగా జరుగును. అందు చాలవరకు న్యాయమైనదే. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఇ-వ్యర్థముల నియమములు పాత యంత్రములను బాగుచేసి అమ్మువారు నమోదు కావలెనని చెప్పుచున్నవి. కాని న్యాయమైన గుంపులో అన్యాయపు వస్తువొకటి కలియుట కష్టము కాదు. హాస్టలు గదిలో పోయినది, రైలులో పోయినది ఒక బల్లపై మిగిలిన వాటి ప్రక్కన కూర్చొన్నచో దాని మొగమున ఏమియు వ్రాసియుండదు.

మరియొక చిక్కు కలదు. కొన్ని కంపెనీలు తమ లాప్‌టాప్‌లను ఇంటర్నెట్టు ద్వారా తమ పద్దులో కట్టియుంచును. అట్టి యంత్రమును ఎన్నిమార్లు తుడిచి విండోస్ మరల వేసినను, నెట్టు తగిలినంతనే ఆ కంపెనీ పేరుతో తెర వచ్చి, ఉద్యోగి పేరు, సంకేతపదము అడుగును. కావున కొనునప్పుడు దుకాణములోనే నెట్టుకు తగిలించి, మొదటినుండి వెలిగించి చూడవలెను. చీటి చింపినవాడు కాగితమును మాత్రమే చింపగలడు. యంత్రము జ్ఞాపకమును చింపలేడు.

ఇక తండ్రి అడిగిన ప్రశ్నకు వత్తము. దొంగసొత్తు అని తెలిసియు, లేక అట్లు నమ్ముటకు కారణముండియు, కపటబుద్ధితో పుచ్చుకొనుట నేరమని 1860 నాటి భారత శిక్షాస్మృతి 411వ సెక్షనులో ఉండెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షనులో అదే ధర్మము నిలిచినది. తెలియక కొన్నవాడు నేరస్థుడు కాడు. కాని, నమ్ముటకు కారణము అను మాట చిన్నది కాదు. కత్తితో గీకివేసిన నంబరు, సగమునకు సగము తక్కువ ధర, బిల్లు ఇయ్యనను దుకాణదారు, ఈ మూడును ఒకచోట చేరినచో నాకు తెలియదు అనుట కష్టము. అదిగాక, నేరము లేకపోయినను సొత్తు సొంతదారునకు తిరిగి పోవలసియే ఉండును. డబ్బు పోవును, చదువు ఆగును. పట్టణములోనివాడు పదిమందిని పిలిచి సాక్ష్యము చెప్పించుకొనగలడు. కొండదిగి వచ్చిన కుర్రవానికి సాక్ష్యము ఒక్కటే, చేతిలోని కాగితము.

ఈ సంగతులన్నియు కనుగొనిన తరువాత మేము ఆ కుర్రవానికి ఫోను చేసి చెప్పినాము. యంత్రమును వెలిగించి తొలి తెర చూడుమన్నాము. అతడు చూచి, నంబరు చోట తయారీదారు నింపవలెనను మాటలే ఉన్నవని చెప్పినాడు. చీటి ఊడిన చోట గీతలున్నవా అని అడిగినాము, లేవన్నాడు. నెట్టుకు తగిలించినప్పుడు ఏ కంపెనీ పేరైన వచ్చినదా అని అడిగినాము, రాలేదన్నాడు. అయినచో కొన్న దుకాణమునకు పోయి మూడు సంగతులు వ్రాయించుకొని రమ్మన్నాము. మదర్‌బోర్డు మార్చిన మాట నిజమా? ఈ యంత్రము తమకెక్కడనుండి వచ్చినది? లోపలి డిస్కుపైనను, బోర్డుపైనను ఉన్న నంబరులేవి?

తండ్రియు కొడుకును ఒక ఆదివారము బస్సెక్కి వెళ్లినారు. దుకాణదారు మొదట విసుగుకొన్నాడట. ఎవరును అడుగరు, మీకెందుకన్నాడట. తండ్రి మెట్లమీద కూర్చొని, "కాగితము ఇచ్చినదాక కదలము బాబూ, లేదా మా సొమ్ము మాకిచ్చి నీ వస్తువు నీవుంచుకో" అన్నాడట. చివరకు దుకాణదారు లోపలినుండి ఒక పాత పద్దు తెచ్చినాడు. ఒక కార్యాలయము అమ్మిన గుంపులో ఆ యంత్రము వచ్చినట్లు, దాని అసలు నంబరు, బోర్డు మార్చిన తేదీ అందులో ఉన్నవి. అవన్నియు బిల్లుపై ఎక్కించి, సంతకము చేసి, దుకాణపు ముద్ర వేసి ఇచ్చినాడు. పద్దులోని నంబరును కుర్రవాడు తయారీ కంపెనీవారి సేవా కేంద్రములో చెప్పగా, నమూనా, తయారైన సంవత్సరము సరిపోయినవి. అది కొనదగిన వస్తువే. పది నిమిషములలో మొదటి దినమే తేలవలసిన సంగతికి ఆ కుటుంబము రెండు నెలలు దిగులుపడినది.

అన్నిసార్లును కథ ఇట్లు ముగియదు. పద్దు లేని దుకాణములున్నవి, పద్దు ఉన్నను చూపని దుకాణములున్నవి. అట్టిచోట వస్తువు ఎంత చవుకగా దొరకినను వదలివచ్చుటే మేలు. ఇంటిలో లాప్‌టాప్ ఉన్న ప్రతివారును నేడే దానిని వెల్లకిల త్రిప్పి, నంబరును ఒక పుస్తకములో వ్రాసి, బిల్లును దానికి జతచేసి దాచుకొనవలెను. రేపు అది పోయినచో పోలీసులు మొదట అడుగునది ఆ నంబరే. అమ్మునప్పుడు కొనువాని పేరు, తేదీ, నంబరు వ్రాసి ఇరువురును సంతకములు చేయవలెను. ఖర్చు ఒక తెల్లకాగితము.

నూరేండ్ల క్రిందట చింతపల్లి ఠాణాలో ఒక యువకుడు, తన్ను వెదకుచున్నవారి పుస్తకములోనే, తాను తీసికొన్నదానికి లెక్క వ్రాసి సంతకము చేసినాడు. ఆ కొండలలోనే నేడు ఒక రైతు, తాను డబ్బిచ్చి కొన్న వస్తువునకు లెక్క వ్రాయించుకొనుటకై దుకాణపు మెట్లమీద కూర్చొన్నాడు. ఇద్దరి కాలములు వేరు, పనులు వేరు. కాని ఎవరిది ఎవరి చేతికి ఎట్లు వచ్చినదో పదిమందికి తెలియునట్లు వ్రాసియుండవలెనను పట్టుదల ఇద్దరిలోను కలదు. ఆ బిల్లు ఇప్పుడు గూడెం కొత్తవీధిలోని ఆ ఇంటిలో, పొలము పట్టాతోపాటు రేకుపెట్టెలో ఉన్నది.